మట్ట బతికిన నీళ్లు

నేను పిరికిదాన్ని. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలిక. ఉరుమంటే భయం, పోలీసంటే భయం, దోనెలో లేచి నిలబడాలంటే భయం. పెళ్లయి కొల్లేటి మధ్యనున్న లంకకి కాపరానికొచ్చాక, మా అత్త గంగమ్మంటే అన్నిటికన్నా ఎక్కువ భయం. "నీకు గుండె పెట్టడం మర్చిపోయాడే ఆ బ్రహ్మ" అని మా ఆయన అప్పన్న ఏడిపించేవాడు. నవ్వి ఊరుకునేదాన్ని. యాభై ఆరో సంవత్సరం వేసవిలో నేను పడ్డ భయం ముందు అవన్నీ ఉత్త వేళాకోళం.

పెదలాకు సంత మళ్లీ నిలబడింది ఆ వేసవిలోనే. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరినడిగినా నరసింహమూర్తి గారు నిలబెట్టారని చెప్తారు. శిలాఫలకం మీద ఆయన పేరే ఉంది. ఉండనివ్వండి, మంచి మనిషి. కానీ అది ఎలా నిలబడిందో, దానికింద ఏముందో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

పెదలాకు ఏలూరు కాలవ మీద, కొల్లేటికి ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పుడు పడవలన్నీ అక్కడ లాకు దగ్గర ఆగేవి. ఆగిన పడవల కోసం దుకాణాలు, ప్రతి గురువారం సంత. తర్వాత లారీలొచ్చాయి. ధాన్యం నేరుగా తాడేపల్లిగూడెం మిల్లులకి పోవడం మొదలెట్టింది. పడవలు తగ్గాయి, దుకాణాలకి తాళాలు పడ్డాయి, సంతలో నాలుగు తట్టల వంకాయలూ పదిమంది ముసలాళ్లూ మిగిలారు. బ్లాకు ఆఫీసువాళ్లు ఊళ్లు బాగుచేస్తామని వచ్చినప్పుడు, ముందు మా సంత సంగతి చూడండని పట్టుబట్టినవాడు నరసింహమూర్తి గారు. అటు పక్కన వరిచేలన్నీ ఆయనవే.

ఉగాది వెళ్లిన వారానికి ఆయనే మా లంకకి వచ్చాడు. దోనె మధ్యలో కూచుని, రెండు చేతుల్తో రెండు అంచులూ పట్టుకుని, కళ్లు మూసుకుని వచ్చాడు. నాకంటే భయస్థుణ్ణి చూడడం అదే మొదటిసారి. ప్రాణానికి హాయిగా అనిపించింది.

"గంగమ్మా, రేకుల షెడ్లు వేయిస్తున్నాం. కొల్లేటి గట్టుదాకా కంకర రోడ్డు వస్తోంది. మీవాళ్లు చేపలు తెస్తే పదూళ్ల జనం కదిలొస్తారు. చేప లేని సంతకి ఎవరొస్తారు చెప్పు?" అన్నాడు ఒడ్డెక్కి ఊపిరి పీల్చుకున్నాక.

"మరేనండి బాబుగారూ. కానీ ఎండాకాలం కాలవ కట్టేత్తారు కదండీ. నీళ్లు లేనిచోట మట్టల్ని ఎలా బతికించుకోమంటారు?" అంది మా అత్త.

కొర్రమట్ట చేపని ప్రాణంతో ఉంటేనే కొంటారు. కుండలో నీళ్లు పోసి అందులో తిరుగుతుండగా అమ్మాలి. చచ్చిన మట్టని అడిగేవాడుండడు. అందుకే వేసవిలో మావాళ్లు సంత మొహం చూసేవాళ్లు కాదు.

"సంతలో నుయ్యి తవ్విస్తాను. కాలవ గట్టు పక్కన తియ్యటి నీళ్లు పడతాయి."

"తవ్వించండి. ఆ నీళ్లలో నా మట్ట బతికితే వత్తాం. బతక్కపోతే ఆ షెడ్లలో మేకలు కట్టేసుకోండి."

తలుపు వెనక నిలబడి వింటున్న నాకు చెమటలు పట్టాయి. నరసింహమూర్తి గారితో అలా మాట్లాడేవాళ్లుంటారా! ఆయన మాత్రం పెద్దగా నవ్వాడు. మాట మాటేనన్నాడు. మా అత్త తల ఊపింది. లంకలో నలభై గడపలకి ఆమె తల ఊపితే చాలు.

మట్ట బతకడం అంటే మాకు అమ్మకం ఒక్కటే కాదు. కొత్తచోట నీళ్లు తాగాలంటే ముందు కుండతో ముంచి చిన్న మట్టపిల్లని అందులో వదిలేవాళ్లు. తమలపాకు నమిలేంతసేపు చూసేవాళ్లు. చేప తిరుగుతుంటే మనిషి తాగొచ్చు. తేలిపోతే పారబొయ్యాలి. తాతల నాటినుంచీ అదే పద్ధతి. ఇది తప్పవుతుందని మాలో ఎవరికీ కలలోనైనా తోచలేదు.

నుయ్యి తవ్వారు. నీళ్లు నిజంగానే తియ్యగా పడ్డాయని కబురొచ్చింది. రోడ్డుకి కంకర కొట్టడానికి మా మగవాళ్లు సగంమంది జంగారెడ్డిగూడెం వైపు వెళ్లారు. అప్పన్నా వెళ్లాడు. వానలు పడేలోపు వచ్చేస్తానన్నాడు.

వైశాఖంలో మొదటి గురువారం. తెల్లారేసరికి ముప్ఫై దోనెలు బయల్దేరాయి. నా కూతురు, నాలుగేళ్ల పెద్దింటమ్మ కొత్త పరికిణీ కట్టుకుని దోనె ముందు కూచుంది. మా అత్త మొదటి దోనెలో. మట్టలు తడిగోనెల కింద కదులుతున్నాయి. అంతదూరం కుండల్లో నీళ్లు మొయ్యడం బరువని ఖాళీ కుండలే తెచ్చాం. అక్కడ నుయ్యుంది కదా.

అంతమంది జనాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. బెల్లం దిమ్మలు, గాజులు, ఇత్తడి బిందెలు, నాగటి కర్రులు. ఏలూరు నుంచి వచ్చినవాడొకడు తివాచీలు పరిచాడు. వాటిమీద నరసింహమూర్తి గారు పెళ్లికొడుకులా కూచున్నాడు. మాకోసం వేసిన షెడ్డుకి మామిడి తోరణాలు కట్టారు. మేం నూతిలోంచి చేదతో నీళ్లు తోడుకుని కుండల్లో పోశాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏదో ఘాటు వాసన ముక్కుకి తగిలింది. కొత్త నుయ్యి కదా, సున్నం వాసనేమో అనుకున్నాం.

మట్టల్ని వదిలాం. ముందు అవి ఎగిరి పడ్డాయి. జనం చూసి ఆనందించారు. తర్వాత మూతులు పైకెత్తి గిలగిల్లాడాయి. తమలపాకు నమిలేంతసేపైనా పట్టలేదు. ఒకటి పక్కకి ఒరిగింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి ముప్ఫై కుండల్లో తెల్లటి పొట్టలే తేలుతున్నాయి.

మా అత్త తన కుండలోకి చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో భయం చూడడం నాకు అదే మొదలు. ఆమే భయపడితే ఇంక నా గతేం కాను! ఆమె వంగి కుండని కాలితో బోర్లా తన్నింది.

"ఇది విషం. ఎవరూ ముట్టుకోకండి. పిల్లలకి పట్టకండి. దోనెలెక్కండి."

నరసింహమూర్తి గారు "ఆగండమ్మా, ఆగండి" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎవరాగుతారు? కొల్లేరు దున్నుకుని వరి వేసుకోవాలంటే లంకలవాళ్లు లేకుండా పోవాలి, అందుకే పిలిచి మరీ నీళ్లలో మందు కలిపారు, అని అప్పటికప్పుడు ఎవరో అననే అన్నారు. మిగతావాళ్లు నమ్మనే నమ్మారు. నేనూ నమ్మాను.

మా పెద్దింటమ్మ గాజుల అంగడి దగ్గర గుంజ పట్టుకుని రానని ఏడుపు. దాన్ని లాక్కుంటూ నేను అందరికన్నా వెనకబడ్డాను. అప్పుడొచ్చాడాయన. ఖాకీ నిక్కరు, సైకిలు, చేతిలో రేకు డబ్బా. శానిటరీ ఇన్‌స్పెక్టరు పాండురంగారావు గారట. ఖాకీ చూసేసరికి నాకు సగం ప్రాణం పోయింది.

"అమ్మా, ఒక్క మాట విను. నిన్న సాయంత్రం నూతిలో బ్లీచింగు పౌడరు వేసింది నేనే. దిగువ ఊళ్లలో కలరా తగిలింది. సంతకి జనం వస్తారని ఎక్కువే వేశాను. చేపల సంగతి నాకు తట్టలేదమ్మా, తప్పు నాదే. అది చేపని చంపుతుంది, కలరా పురుగుని చంపుతుంది. మనిషిని ఏమీ చెయ్యదు. మీ కొల్లేటి నీళ్లలో చేపా బతుకుతుంది, పురుగూ బతుకుతుంది. ఆ నీళ్లు పిల్లకి పట్టకు. ఒకవేళ వాంతులు మొదలైతే, గంజిలో ఉప్పేసి గుక్కగుక్కగా పడుతూ ఉండు. ఆపకు."

నేను పిల్లని దగ్గరికి లాక్కున్నాను. నమ్మలేదనుకున్నాడు కాబోలు, చేదలో మిగిలిన నీళ్లు ఎత్తి గడగడా తాగాడు. ఆయన గొంతులో ముడి పైకీ కిందకీ కదలడం నేను చూశాను. చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నలుగురిముందూ మా అత్త విషమని కుండ తన్నేసింది. కాదని నేనెలా చెప్పను? చెప్తే ఆమె నా వైపు చూసే చూపుని తలుచుకుంటేనే నాలుక మడతపడిపోయింది.

కొల్లేరు రోజురోజుకీ వెనక్కిపోతోంది. లంక చుట్టూ బురద బీటలు వారింది. దోనె పోయేంత సన్నటి బురదపాయ కాక మిగిలింది ఒక్క మడుగు. గేదెలు దిగేది అందులోనే, బట్టలుతికేది అందులోనే, తాగడానికి ముంచుకునేదీ అందులోనే. చేపలు మాత్రం దాన్నిండా కిలకిల్లాడుతున్నాయి. ఇంతకన్నా మంచి నీళ్లేముంటాయి?

సంతనుంచి వచ్చిన పదో రోజున లంక ఆ చివర ఒక ముసలామె పోయింది. మర్నాడు ఇద్దరు. రోగం పేరు ఎవరూ పలకలేదు. పలికితే తోడొస్తుందని భయం. కొల్లేటికోట అమ్మవారు పెద్దింట్లమ్మకి ముడుపులు కట్టారు. ఎవరిళ్లల్లో వాళ్లు తలుపులేసుకుని కూచున్నారు.

ఆ మర్నాడు తెల్లారేసరికి మా పెద్దింటమ్మ వాంతి చేసుకుంది.

రెండు గంటల్లో దాని కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండిపోతోంది. "నీళ్లు... నీళ్లు..." అంటోంది. మా అత్త దాన్ని ఒళ్లో వేసుకుని, పసుపు గుడ్డ చేతికి కట్టింది.

"నీళ్లివ్వకు. తాగితే ఇంకా అవుతాయి. ఇత్తే మడుగు నీళ్లు రెండు చుక్కలు తడుపు, చాలు," అంది.

నా మెదడులో పాండురంగారావు గారి గొంతు ముడి ఒక్కటే కదులుతోంది. బిడ్డ పోతుందన్న భయం, అత్త అంటే భయం. రెండూ నాలో కొట్టుకున్నాయి. మొదటిది గెలిచిందని గొప్పగా చెప్పుకోను. రెండోదాన్ని తప్పించుకునే దారి వెతికానంతే.

"ఉప్పు అయిపోయిందత్తా. పెదలాకు వెళ్లి తెత్తాను."

ఆమె తలెత్తి చూసింది. ఆ వేళప్పుడు ఉప్పేమిటని అడుగుతుందనుకున్నాను. "వేగం రా" అంది అంతే.

పెద్ద కుండ ఒకటి వల కింద దాచి దోనెలో పెట్టాను. ఒక్కదాన్నీ గడ వేసుకుంటూ అంతదూరం పోవడం నా జన్మలో అదే మొదలు. గడ బురదలో దిగబడిపోయినప్పుడల్లా ఏడ్చాను. ఏడుస్తూనే లాగాను. దారిలో చచ్చిన కొంగ తేలుతూ కనిపిస్తే అపశకునమని కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుని గడ వెయ్యడమెలాగని మళ్లీ తెరిచాను.

సంతలో పిట్ట లేదు. మామిడి తోరణాలు ఎండి వేలాడుతున్నాయి. షెడ్లలో ఎవరివో మేకలు నిజంగానే కట్టేసి ఉన్నాయి. నూతి గట్టుమీద తెల్లటి పొడి ఇంకా తడిగా ఉంది. ఇన్‌స్పెక్టరు గారు పొద్దున్నే వచ్చి వేసి వెళ్లినట్టున్నాడు. మనిషి కనిపిస్తే ఇంకోసారి అడుగుదామనుకున్నాను. సైకిలు లేదు.

నీళ్లు తోడి కుండలో పోశాను. అదే వాసన. దోనె అడుగున చేరిన నీళ్లలో వేలెడంత మట్టపిల్ల ఒకటి ఎప్పుడు పడిందో తిరుగుతోంది. చెయ్యి ఊరుకోలేదు. పుట్టినప్పటినుంచీ చూసిన పద్ధతి కదా. దాన్ని తీసి కుండలో వేశాను.

అది చచ్చిపోయింది.

కుండ ముందు కూలబడ్డాను. ఇటు చేపని చంపిన నీళ్లు. అటు చేప బతుకుతున్న నీళ్లు. మధ్యలో నా కూతురు. తాతల మాట నమ్మాలా, సైకిలు మీదొచ్చిన ఖాకీ నిక్కరుని నమ్మాలా? చచ్చిన మట్టపిల్లని తీసి అవతల పారేశాను. దోసిటితో ముంచి ముందు నేను తాగాను. కడుపులో మంట పుడుతుందేమోనని కాసేపు ఆగాను. ఏమీ కాలేదు. ఏదైనా కావడానికి ఇంకా వేళ కాలేదేమో! అయినా అక్కడ కూచునే టైము లేదు. కుండ నింపుకుని, మీద వల కప్పి, దోనె తోశాను.

ఇంటికొచ్చి గంజి కాచి ఉప్పేసి, ఆ నీళ్లు కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలెట్టాను. వాంతి చేసుకుంటే మళ్లీ పట్టాను. అత్త వారిస్తుందేమోనని గిన్నెకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె గిన్నెలోకి తొంగిచూసింది.

"ఇంత తేటగా ఉన్నాయేంటే? ఎక్కడివీ నీళ్లు?"

"మడుగులోవే అత్తా. ఇండుపగింజ అరగదీసి తేర్చాను."

బురదనీళ్లలో ఇండుపగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకి దిగి నీళ్లు తేటపడతాయి. అందరూ చేసేదే. నోటికి ఎలా వచ్చిందో అంత సులువుగా వచ్చేసింది అబద్ధం.

సాయంత్రానికి పిల్లకి ఒంటేలు వచ్చింది, అంటే ఒంట్లో నీళ్లు నిలిచాయన్నమాట. అంత ఆనందం నాకు అది పుట్టినప్పుడూ లేదు. మర్నాడు పొద్దున్న మా అత్త పడింది. ఆమెకీ అవే నీళ్లు పట్టాను. అంత మనిషి నా చేతిలో గిన్నెకోసం పిల్లలా నోరు తెరిచింది. రెండు రోజులు కుండ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. మూడో రోజుకి ఆమె లేచి గోడకి ఆనుకుని కూచుంది.

ఆ నీళ్లే బతికించాయో, ఉప్పు గంజే బతికించిందో, అమ్మవారే దయతలిచిందో నాకు తెలీదు. ఇద్దరూ బతికారు. అక్కడితో అయిపోయుంటే ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

మా అత్త అరుగుమీదికి వచ్చి కూచుంది. ఆమె కనిపించేసరికి నాలుగైదు గడపలు తెరుచుకున్నాయి. రోగం తగిలి లేచి కూచున్నది లంక మొత్తంలో వీళ్లిద్దరే.

"నేనేం చెప్పాను? మన మడుగు మనల్ని చంపదు. నా కోడలు ఇండుపగింజతో తేర్చి ఆ నీళ్లే పోసింది. నన్నూ నా మనవరాల్నీ లేపి కూచోబెట్టింది," అంది. గొంతు పీలగా ఉన్నా లంకంతా వినిపించింది.

లోపల పొయ్యి దగ్గర ఉన్నాను. అప్పుడే బయటికొచ్చి కాదని ఉండాల్సింది. లేచాను కూడా. గుమ్మందాకా వచ్చాను. అందరూ నా వైపు దేవతని చూసినట్టు చూశారు. మా అత్త, జన్మలో మొదటిసారి, నన్ను చూసి నవ్వింది. నేను మళ్లీ లోపలికి పోయాను.

కాసేపటికి పక్కింటి అచ్చాయమ్మక్క కుండ చంకనెట్టుకుని వచ్చింది. నాకంటే ఐదారేళ్లు పెద్ద. కాపరానికొచ్చిన కొత్తలో నేను ఏడుస్తుంటే పెరట్లోకి పిలిచి చేపల పులుసూ అన్నం పెట్టిన మనిషి.

"కాంతం, మీ కొండయ్య బావకి పొద్దుటినుంచీ అదే వరస. మడుగు నీళ్లు తెచ్చాను. నీ చేత్తో తేర్చి ఇయ్యవే. నీ చెయ్యి మంచిది."

అరుగుమీద అత్త కూచుని ఉంది. మా కుండలో నూతి నీళ్లు అప్పటికి గిన్నెడు కూడా లేవు. ఇప్పుడు నిజం చెప్తే? అబద్ధమాడి విషం పోశానంటారు. అత్తని నలుగురిలో తలదించుకునేలా చేశానంటారు. రేపు పొద్దున్నే పెదలాకు వెళ్లి మంచినీళ్లు తెచ్చి దొంగతనంగా ఇద్దాం, ఈ ఒక్కపూటకి ఏం కాదు అనుకున్నాను. ఇన్ని లెక్కలూ వేసుకుంటూనే ఇండుపగింజ తీశాను. కుండ మూతి లోపల అరగదీశాను. మడ్డి మెల్లిగా దిగింది. నీళ్లు నూతి నీళ్లంత తేటగా తయారయ్యాయి.

"బంగారం లాగున్నాయే," అని సంబరపడుతూ పట్టుకెళ్లింది.

మర్నాడు నేను దోనె తొయ్యకముందే పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది.

కొండయ్య బావ నలభై ఏళ్లవాడు. మావులు అల్లడంలో అంతటి పనిమంతుడు లంకలో లేడు. ఆయన అల్లిన మావులోకి దూరిన చేప బయటికి రావడం ఎవరూ ఎరగరు. వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టారు. పక్కన నేను తేర్చి ఇచ్చిన కుండ. సగం ఉంది. అచ్చాయమ్మక్క దాని మీద తల ఆనించి ఏడుస్తోంది.

అప్పటికే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మా అరుగు దగ్గర కుండలు పెట్టుకుని నాకోసం ఎదురు చూస్తున్నారు.

నేను లోపలికొచ్చి తలుపేసి, అత్త కాళ్లు పట్టుకున్నాను. అంతా చెప్పాను. పాండురంగారావు గారు తాగడం, ఉప్పు వంక, నుయ్యి, చచ్చిన మట్టపిల్ల, ఇండుపగింజ, కొండయ్య బావ కుండ. చెప్తున్నంతసేపూ దెబ్బ పడుతుందని భుజాలు బిగించుకునే ఉన్నాను. పడలేదు.

ఆమె మంచం మీద ఆడుకుంటున్న మనవరాల్ని చూస్తూ కూచుంది.

"మొదటి కుండ తన్నింది నేను కదా," అంది చివరికి.

"అత్తా..."

"లే. కళ్లు తుడుచుకో. నేను చెప్పింది విను. నువ్వు నోరెత్తకు. నువ్వు చేశావంటే అచ్చాయమ్మ నిన్ను ఈ లంకలో బతకనివ్వదు. నన్నేం చేత్తారు, ముసల్దాన్ని? ఈ ముక్క నీతో నాతో పోవాలి."

గోడ పట్టుకుంటూ బయటికి నడిచింది. కుండలు పట్టుకున్న ఆడవాళ్ల ముందు, ఇటు తిరిగి చూస్తున్న అచ్చాయమ్మక్క ముందు, నిటారుగా నిలబడింది.

"మేం తాగింది మడుగు నీళ్లు కాదు. పెదలాకు నూతి నీళ్లు. ఇది ఉప్పుకెళ్తుంటే దోనెలో కుండ పెట్టి తెమ్మన్నది నేను. మీ అందరి ముందూ విషమని తన్నేసి వచ్చినదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని మడుగు నీళ్లని అబద్ధం చెప్పాను. నోరిప్పితే పిల్ల చచ్చినంత ఒట్టని దీని నోరు కట్టేశాను. ఇక మడుగు నీళ్లు ఎవరూ ముట్టుకోకండి."

అచ్చాయమ్మక్క లేచి వచ్చింది. మా అత్త మొహం మీద ఉమ్మేసింది. మా అత్త తుడుచుకోలేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట, ఒక్క మాట చాలు. నా నోట్లోంచి గాలి కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నమే దోనెలు బయల్దేరాయి. చేపలు లేవు, అన్నిట్లోనూ కుండలే. మా అత్తని ఇద్దరం పట్టుకుని నూతి దగ్గర దింపాం. మొదటి చేద కుండలో పోయగానే ఆమె కొంగు ముడిలోంచి మట్టపిల్లని తీసి అందులో వేసింది. అందరూ చుట్టూ మూగారు. అది గిలగిల్లాడి, ఒరిగి, తేలింది.

"చచ్చింది. మంచి నీళ్లే. తోడండి," అంది మా అత్త. అదే కుండలోంచి దోసిలి పట్టి తాగింది.

రెండ్రోజుల తర్వాత పాండురంగారావు గారు డాక్టరుతో వచ్చాడు. అందరికీ సూదులు పొడిచారు. సూదంటే నాకు చచ్చేంత భయం. అయినా ముందు నా చెయ్యే చాపాను. లంకలో మొత్తం ఏడుగురు పోయారు. కొండయ్య బావ తర్వాత మాత్రం ముగ్గురే. వాళ్లు అప్పటికే మడుగు నీళ్లు తాగి పడినవాళ్లు.

సంత అలా నిలబడింది. రోజూ నీళ్లకోసం పెదలాకు వెళ్లాల్సిందే. ఖాళీ చేతుల్తో ఎందుకని ఎవరో రెండు మట్టలు పట్టుకెళ్లారు. బరువైనా సరే, ఈసారి చేపలకి కొల్లేటి నీళ్లు వేరే కుండలో మోసుకెళ్లారు. మర్నాడు నలుగురు. గురువారానికి పదిమంది. చేపలొచ్చాయని కూరగాయలవాళ్లొచ్చారు. వాళ్లని చూసి గాజులవాళ్లు. షెడ్లలోంచి మేకల్ని తోలేశారు. జూన్‌లో కాలవ వదిలేనాటికి తాళాలు వేసిన దుకాణాలు ఏడు తెరిచారు. నరసింహమూర్తి గారు తన షెడ్ల వల్లేనని మురిసిపోయాడు. అప్పన్న తిరిగొచ్చి, తను కంకర కొట్టిన రోడ్డు వల్ల అన్నాడు. నేను ఎవరినీ కాదనలేదు. కాదనడం నాకెప్పుడు అలవాటు?

ఇప్పటికీ మా షెడ్డులో ప్రతి మనిషి ముందూ రెండేసి కుండలుంటాయి. ఒకటి చేపలకి, ఒకటి మనుషులకి. కొత్తగా వచ్చినవాళ్లు ఎందుకని అడుగుతారు. అదంతేనండి అంటాం.

మా అత్త ఆ తర్వాత పన్నెండేళ్లు బతికింది. సంతకి మళ్లీ రాలేదు. అచ్చాయమ్మక్క ఆమెతో పలకలేదు. అత్త పోయిన రోజున లంక లంకంతా మా వాకిట్లో ఉంది, పక్కింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. చివరి రోజుల్లో ఒకసారి, ఎవరూ లేనప్పుడు, "నేను చెప్పేయనా అత్తా?" అని అడిగాను. "నీకంత ధైర్యం ఎక్కడిదే?" అని నవ్వింది. వద్దని మాత్రం అనలేదు. ఆమె పోయాక కూడా నేను చెప్పలేదు.

అచ్చాయమ్మక్క సంతలో నా పక్కనే కూచుంటుంది. పిల్ల మీద ఒట్టు పెడితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే అని, నామీద కోపం ఆ వేసవిలోనే తీసేసుకుంది. ఇద్దరం ముసలాళ్లమయ్యాం. మధ్యాహ్నం ఎండెక్కాక చెంబు నా వైపు చాపుతుంది. తన కుండలో నీళ్లున్నా సరే, నా కుండలోవే కావాలి.

"నువ్వు పొయ్యవే కాంతం. నీ చెయ్యి మంచిది," అంటుంది.

పోస్తాను. ఆమె చెంబెత్తి తాగుతున్నంతసేపూ ఆమె గొంతు వైపే చూస్తూ కూచుంటాను.